రెండో సిస్టమ్‌కు తెలియని కార్డు

కల్నల్ పాన్చెవ్ చేసిన అన్యాయాన్ని జెకో మర్చిపోలేదు. బల్గేరియా రేవు బుర్గాస్‌లో ముఠాను పట్టుకున్నది జెకో. పతకం మాత్రం పాన్చెవ్ కోటుకు ఎక్కింది. అయినా రాజధాని సోఫియాలో ఆయన కబురు పెడితే వెళ్లేది జెకోయే.

“రుజా మన మనిషే. వాళ్ల మనిషి కూడా,” అన్నాడు పాన్చెవ్. “ఆమె ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లు. పైకి విండోస్. లోపల దాచింది పాత లినక్స్. సరిహద్దు అవతల మన ఏజెంట్ల పేర్లు దాన్లో ఉన్నాయి. రేపు కెఫేలో కూర్చుని నెట్‌లో పంపుతుంది. కొనేవాడు అక్కడే ఉంటాడు, కానీ ఆమె దగ్గరకు రాడు. వాడెవడో తెలియాలి.”

“ఆ పేర్లలో మా తమ్ముడు పెన్చో ఉన్నాడు, సార్.”

“తెలుసు. అందుకే నువ్వు.”

రుజా ఎప్పుడూ వెళ్లే రిపేరు షాపులో ఆ మధ్యాహ్నం జెకో మెకానిక్ వేషంలో కూర్చున్నాడు. రుజా ఎర్రకోటు, సెంటు వాసన లోపలికి వచ్చాయి.

“బాబాయ్, దీని ఫ్యాన్ ఒకటే గోల.”

“నా నడుం కన్నా నయం, అమ్మాయ్. అది కనీసం తిరుగుతోంది.”

లినక్స్‌కు తాళం ఉంది. విరగ్గొట్టే టైం లేదు. జెకో వైఫై కార్డు పీకి వేరేది పెట్టాడు. కొత్త కార్డును విండోస్ గుర్తుపడుతుంది. పాత లినక్స్ దగ్గర దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదు, అక్కడ నెట్ రాదు. రుజా విండోస్‌లో నెట్ వస్తోందని చూసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కెఫేలో జెకోది వెయిటర్ వేషం. కాళ్లు పీకుతున్నాయి. రుజా లినక్స్ తెరిచింది. నెట్ లేదు. మూసి విండోస్ తెరిచింది. నెట్ ఉంది, ఫైలు లేదు. మళ్లీ లినక్స్. నుదుట చెమట.

మూల బల్ల దగ్గర సలాడ్ తింటున్న పెద్దమనిషి ఓపిక చచ్చి లేచి వచ్చాడు.

“ఏం చేస్తున్నావే?”

“నెట్ రావట్లేదు.”

“రెండోదాన్నుంచి పంపి చావు!”

“దానికి ఈ ఫైలు కనపడదయ్యా!”

“నీ మొహం! ఇదిగో, నా ఫోను తగిలించు.”

కేబుల్ గుచ్చాడు. ఫోన్‌ను లినక్స్ గుర్తుపట్టింది! నెట్ వచ్చింది. రుజా వేలు మీట మీదికి దిగింది. ఆ అర సెకనులో జెకో కేబుల్ లాగేశాడు, రెండో చేత్తో పెద్దమనిషి మణికట్టు పట్టాడు.

“ఫ్యాన్ ఇంకా గోల చేస్తోందా, అమ్మాయ్?”

ఒక్క పేరూ దాటలేదు. పెన్చోకు ఈ సంగతే తెలియదు. సాయంత్రం టీవీలో పాన్చెవ్ తన వ్యూహం గురించి మాట్లాడాడు. ల్యాప్‌టాప్‌ను కార్డుతో సహా సాక్ష్యంగా సీల్ చేశారు. ఆ కార్డు జెకో సొంత డబ్బుతో కొన్నది. తిరిగి రాదు.

దాని ఖరీదు ముప్పై ఎనిమిది లెవాలు.