పూత ఉన్న వైపు

డులూత్‌లో ఫిబ్రవరి మధ్యాహ్నం. మంచు కురుస్తూ ఉండటంతో మూడున్నరకే వెలుగు మసకబారింది. నేలమాళిగలో ప్రింటర్ ముందు కూర్చున్న కోరిన్, మెరుపు కాగితం మీద అప్పుడే అచ్చైన అమ్మ ముఖాన్ని దీపం కింద పట్టి చూసింది. ముఖం మాయమైంది. కాగితంలో బల్బు ఒక్కటే మెరిసింది.

చర్చిలో ఇంతకంటే పెద్ద దీపాలున్నాయి. రేపు పదింటికి అంత్యక్రియలు. శవపేటిక మూసే ఉంచుతారు. వచ్చినవాళ్లు అమ్మని చూసుకునేది ఈ ఫోటోలోనే.

పైనుంచి తమ్ముడు డేల్ కేకేశాడు. “అక్కా, ఇంకా అవలేదా? ఒక్క ఫోటోకి ఇంత బాగోతమా?”

“పక్కింటావిడ వండిచ్చిన హాట్‌డిష్ మింగుతూ సలహాలివ్వకురా! ఈ కాగితం పనికిరాదు. అమ్మ వాడేది, ఆ మెరవని రకం కావాలి.”

“అయితే కొనుక్కురా.”

“ఈ మంచులో ఎవడు తెరిచాడు కొట్టు, నీ కోసం?”

అమ్మ ఆర్డిస్ ముప్పై ఏళ్లు ఈ నేలమాళిగలోనే ఊళ్లోవాళ్ల ముఖాలు ఫోటోలు తీసింది, అచ్చు వేసింది. ఆమె అలమరలో మెరవని కాగితం నాలుగే షీట్లు మిగిలాయి. సిరా పట్టే పూత వాటికి ఒక వైపే ఉంటుంది. చూడ్డానికి రెండు వైపులూ ఒకటే. కోరిన్ విసురుగా లాగేసరికి పెట్టె చెయ్యి జారింది. షీట్లు నేలంతా చెదిరి, ఏది పైవైపో తెలియకుండా పోయింది.

అమ్మకైతే చిటికెలో పని. కాగితం మూలని పెదాల మధ్య పెట్టుకునేది. “అతుక్కునేదే ముఖం వేసే వైపు, పిచ్చిదానా” అనేది. “ఛీ, కాగితాన్ని ముద్దుపెట్టుకుంటావేంటమ్మా!” అని కోరిన్ వెక్కిరించేది. ఇవాళ ఒక షీట్‌ని నోటి దాకా తెచ్చి కూడా, పెట్టలేకపోయింది. ఏదో ఒక వైపులే అనుకుని ప్రింటర్‌లోకి తోసింది.

తప్పు వైపు. సిరా ఇంకలేదు. అమ్మ కళ్లు చెంపల మీదికి కారాయి. ఉండచుట్టకుండానే చెత్తబుట్టలో పడేసింది. రెండోది... నోరు మెడ మీదికి జారింది. మూడోదీ అంతే.

“నా ఖర్మ కాకపోతే ఏంటిది!” అంటూ ప్రింటర్‌ని అరచేత్తో కొట్టింది.

ప్రింటర్ ఊరుకుంది. తడి అట్ట వాసన. దానిలోంచి సన్నగా ఇంకో వాసన... గులాబీ, కొంచెం మైనం. అమ్మ పెదాలకు వేసుకునే రంగు.

చివరి షీట్ బల్ల మీద ఉంది. మూలన తడి. లేత గులాబీ రంగులో పెదాల గుర్తు. అక్కడ నువ్వుగింజంత పూత ఊడిపోయింది.

“డేల్...” గుసగుసలాడింది. మళ్లీ గట్టిగా పిలిచింది. “కిందికొచ్చావా నువ్వు?”

“నేను పైనే ఉన్నాగా!”

పెదాల గుర్తున్న వైపునే పైకి పెట్టి ప్రింటర్‌లోకి తోసింది. నుదురు వచ్చింది. కళ్లు... చెంపలు... నెత్తురు పారుతున్నట్టున్న చర్మం. ఇంత బాగా అమ్మ కూడా ఎప్పుడూ అచ్చు వెయ్యలేదు.

డేల్ మెట్లు దిగొచ్చి ఫోటో మీదికి వంగాడు. “అమ్మే” అన్నాడు. “ఆ కింది పెదవి మీద తెల్లగా ఏంటక్కా?”

నువ్వుగింజంత తునక. కంప్యూటర్‌లోని ఫోటోలో అది లేదు.

కోరిన్ చెత్తబుట్ట వైపు తిరిగింది. పాడైన మూడు షీట్లనూ ఒక్కొక్కటే తిరగేసింది. ఖాళీగా ఉన్న వైపు, మూలన... పెదాల గుర్తు. మూడింటికీ. అమ్మ ప్రతిసారీ చెబుతూనే ఉంది.

“దుమ్మేమోలే, తీసెయ్” అన్నాడు డేల్.

కోరిన్ వేలి కొసతో ఆ తునకని అందుకుంది. ఊడి వచ్చింది. వేలికి తడి తగిలింది.

సిరా కాదు.

వెచ్చగా ఉంది.