పుర్రె సారూ, ఒక రిహార్సలూ

"మీ పుర్రె చాలా బాగుంది సార్. అందుకే చెరిపేయమంటున్నాను."

నిచ్చెన మీదున్న డ్రాయింగ్ మాస్టారు కిందికి చూశాడు. స్కూలుకు కొత్తగా వచ్చిన కౌన్సెలర్. చేతిలో గొడుగు, పెదవుల మీద ఉందా లేదా అన్నట్టు నవ్వు. వరండా గోడ మీద, సిగరెట్ కరుచుకున్న పుర్రెకు అతను అప్పుడే ఆఖరి పన్ను దిద్దుతున్నాడు.

పిల్లలు భయపడాలనే వేశానన్నాడతను. భయపడటం లేదు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారని చెప్పిందామె. భయం ఎక్కువ రోజులు నిలవదని పరిశోధనల్లో ఎప్పుడో తేలిందట. పైగా అంత పెద్ద బొమ్మ చూస్తే, అందరూ తాగుతున్నారు కాబోలు, మనమే వెనకబడ్డాం అనిపిస్తుందట.

అప్పటికే తొమ్మిదో తరగతి వాళ్లను పేర్లు రాయించకుండా అడిగి చూసిందామె. క్లాసులో సగం మందికి ఏదో ఒక మత్తు అలవాటుందని పిల్లలు అనుకుంటున్నారు. నిజంగా ముట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

"ఆ సంగతి వేయండి గోడ మీద," అంది.

"అందులో బొమ్మేముందండీ?"

"అది మీరే ఆలోచించాలి. నాకు గీత కూడా తిన్నగా రాదు."

అతను సున్నం తెచ్చి పుర్రెను చెరిపేశాడు. పిల్లలు అతనికి పెట్టిన 'పుర్రె సార్' అన్న పేరు మాత్రం చెరగలేదు.

ఆమె క్లాసులో ఉపన్యాసాలుండవు. ఒకరు మత్తు అలవాటు చేయబోయే స్నేహితుడిగా నటిస్తే, మిగతావాళ్లు కాదనడం సాధన చేయాలి. సారీ చెప్పకూడదు. సాకులు వెతక్కూడదు. కళ్లలోకి చూసి వద్దనాలి, వెంటనే ఇంకో పని చూపించాలి. ఒకసారి చెప్పి వదిలేస్తే నిలవదు, మళ్లీ మళ్లీ చేయించాలని ఆమె అంటుండేది. నటించమంటే పిల్లలు ఒకటే నవ్వు. దాంతో ఆ వేషం పుర్రె సార్ నెత్తిన పడింది.

"ఒక్కసారే కదా, నచ్చకపోతే ఇంకెప్పుడూ అడగను," అని అతను తేనె పూసినట్టు అంటుంటే ఆమె కూడా పెన్ను ఆడించడం మానేసి చూసేది. ఆ చూపు కోసం అతను క్లాసు క్లాసుకీ మరింత చెడ్డవాడయ్యాడు.

ఒకరోజు ఆ స్కూల్లోనే చదివే అతని చెల్లెలి వంతు వచ్చింది. ఇంట్లో టీవీ రిమోట్ కోసం వీధి చివరి వరకు వినబడేలా పోట్లాడే పిల్ల, అన్న సిగరెట్‌లా చాచిన పెన్ను మూత చూసి తల దించుకుంది. తర్వాత చూద్దాంలే అని గొణిగింది. క్లాసంతా నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ చెల్లెలు అసలు సంగతి చెప్పింది. ట్యూషన్‌లో తనకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్ తెస్తోంది. పీల్చి చూడమని రోజూ అడుగుతోంది. ఇన్నాళ్లూ ఎలాగో తప్పించుకుంది. గట్టిగా కాదంటే మాట్లాడటం మానేస్తుందని భయం.

ఆ అమ్మాయిని నిలదీయాలని బయల్దేరిన అతను దారిలో కౌన్సెలర్‌కు ఫోన్ చేశాడు.

"వెళ్తే మీ కోపం తీరుతుంది," అందామె. "కానీ మీ చెల్లెలు ఇక మీకేమీ చెప్పదు. ఇంట్లో మనసు విప్పి చెప్పుకోగల మనిషి ఒకరుంటే పిల్లలకి చాలా బలం సార్. ఇవాళ ఆ మనిషి మీరయ్యారు. చెడగొట్టుకోకండి."

అతను వెనక్కి తిరిగాడు. ఆ వారమంతా వంటింట్లో అన్నాచెల్లెళ్లు రిహార్సల్ చేశారు. వాళ్లమ్మ కుట్టు మిషను ఆపి మరీ, గొంతు పెంచమని సలహాలిచ్చేది.

శుక్రవారం చెల్లెలు వానలో తడిసి ముద్దయి వచ్చింది.

"చెప్పేశానన్నయ్యా. 'నాకు నువ్వు కావాలి, అది వద్దు. పద, షటిల్ ఆడదాం' అన్నాను."

"ఏమంది?"

"ముందు మూతి ముడిచింది. తర్వాత, వానలో షటిలేంటే పిచ్చీ అని నవ్వేసింది. అదెలా మానాలో మా కౌన్సెలర్ మేడమ్‌ని అడుగుతుందట. నన్ను తోడు రమ్మంది."

సోమవారం క్లాసయ్యాక ఆ మాట చెబితే కౌన్సెలర్ కళ్లు మెరిశాయి. బయట సన్నగా వాన. ఆమె కుర్చీలు సర్దుతోంది. అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. వచ్చిన గొంతు మాత్రం అలవాటైన గొంతే.

"ఒక్కసారి నాతో బయటికి రండి. నచ్చకపోతే ఇంకెప్పుడూ అడగను."

ఆమె అతని కళ్లలోకి చూసింది. "వద్దు. నాకిష్టం లేదు. పదండి, కుర్చీలు సర్దుదాం." ఆ వెంటనే మెచ్చుకోలుగా తలూపింది. "రేపటి క్లాసుకి ఇది బావుంటుంది సార్."

మిగిలిన కుర్చీలన్నీ అతనే సర్దాడు.

ఇంట్లో అతని ముఖం చూసి చెల్లెలు కూపీ లాగింది. "క్లాసు గొంతుతో అడిగావా? నిన్ను ఎవరు నమ్ముతారన్నయ్యా?" అని తల కొట్టుకుంది. ముందు ఆ పిల్లని ఇంటికి తీసుకురా, మిగతాది నేను మాట్లాడతానని అమ్మ మిషను వెనకనుంచి అంది.

మర్నాడు అతను గోడ మీద కొత్త బొమ్మ వేస్తున్నాడు. మైదానం నిండా ఆడుకునే పిల్లలు. ఒక మూల సన్నటి పొగ. ఆ పొగ వైపు, రెండు రాకెట్లు పట్టుకుని నడుస్తున్న ఒక అమ్మాయి.

నిచ్చెన కింద గొడుగు ఆగింది.

"నిన్న మీరడిగింది క్లాసు కోసం కాదట. మీ చెల్లెలు చెప్పింది."

కుంచె నుంచి రంగు జారి అతని చెప్పు మీద పడింది.

"మళ్లీ అడగండి."

"అంటే... మీకు వీలుంటే... నాతో..."

"ఇది నమ్ముతాను," అందామె. "వస్తాను."

అతను నిచ్చెన దిగడం మరిచిపోయాడు. ఆమె గొడుగు విప్పి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"రేపు కూడా అడగండి."

"వస్తానన్నారు కదా?"

"ఒకసారి చెప్పి వదిలేస్తే నిలవదు సార్. మళ్లీ మళ్లీ చేయించాలి."