ముప్పైవేల ముప్పై ఒక్క గుండ్లు

కింశుక రాజ్యానికి ప్రాణాధారమైన నీలవేణి నదిని కరకంఠుడనే రాక్షసుడు కొండగుహలో బంధించి మూడేళ్లయింది. చేలు బీటలు వారాయి, పశువులు డొక్కలెండి చచ్చాయి. నదిని విడిపిస్తామని వెళ్లిన వీరులెవ్వరూ తిరిగి రాలేదు. వారిలో సాలెవాడ యువకుడు నాగలింగడు ఒకడు. అతని చెల్లెలు ఓబులక్క అన్న కోసం బయలుదేరితే, "మగ్గం ముందు కూర్చునేదానివి, నీకు రాక్షసుడితో పనేమిటే?" అని ఊరంతా ఎగతాళి చేసింది.

ముళ్ల అడవిలో ఏడో రోజున ఒక ముని ఎదురై కళ్లెర్రజేశాడు.

"చావడానికి వచ్చావా? సరే, విను. వాడి ప్రాణం ఇనుపగుండ్ల రాశిలో ఉంది. గుండ్లు ముప్పైవేల ముప్పై ఒకటి. ఒక్కటీ మిగలకుండా సమానమైన వరుసలుగా పేరిస్తేనే వాడు చస్తాడు. అన్నీ ఒకే వరుసలో పెట్టకూడదు, వరుసకు ఒక్కటే పెట్టకూడదు. లెక్క తప్పితే శిలవైపోతావు."

"జవాబు మీకు తెలుసా స్వామీ?"

"తెలిస్తే ఈ ముళ్లలో ఎందుకుంటాను? పో!"

గుహ ముందు శిలలైన వీరుల మధ్య అన్న ముఖం కనబడేసరికి ఓబులక్క పరుగున వెళ్లి ఆ రాతి చేయి పట్టుకుంది. కరకంఠుడు పగలబడి నవ్వాడు.

"రెండు వరుసలన్నవాడికి ఒక గుండు మిగిలింది. మూడు, ఐదు, ఏడు, పదకొండు, ఏదన్నా ఒకటే మిగిలింది. మీ అన్న పదమూడన్నాడు. చూడు ఎలా నిలబడ్డాడో! నువ్వేమంటావే?"

ప్రతిసారీ ఒక్కటే ఎందుకు మిగులుతోంది? ఓబులక్క ఆ ఆరు అంకెలనూ వరసగా హెచ్చవేసింది. ముప్పైవేల ముప్పై! దానికి ఒకటి కలిపి కూర్చున్నాడు దుర్మార్గుడు. పదమూడుకు పైన ఏముందో వాడూ చూసి ఉండడు.

ఆమె ఇసుకలో పుల్లతో లెక్క మొదలుపెట్టింది. పదిహేడుకు తొమ్మిది మిగిలింది. రాక్షసుడు ఉఫ్ఫని ఊది ఇసుక చెరిపేశాడు. మగ్గం మీద వేల పడుగు దారాలను మనసులోనే లెక్కగట్టి పంచే పిల్ల, కళ్లు మూసుకుని సాగింది. చిన్న అంకెలకు లొంగనిది వాటి గుణిజాలకూ లొంగదని వాటిని వదిలేసింది. వాడు నిప్పురవ్వలు చల్లాడు. చేతులు బొబ్బలెక్కాయి. యాభై మూడుకు ముప్పై మూడు మిగిలింది. అయినా ఆగలేదు.

"యాభై తొమ్మిది వరుసలు! వరుసకు ఐదువందల తొమ్మిది!"

గుండ్లు వాటంతటవే దొర్లి బారులు తీరాయి. చివరి గుండు చివరి చోటులో ఠంగున కూర్చుంది.

"ఈ రాశి ఏ అంకెకూ లొంగదనుకున్నానే!" అంటూ కరకంఠుడు నిలువునా పగిలిపోయాడు. గుహ బద్దలై నీలవేణి ఉరికింది. నీళ్లు తగిలిన శిలలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి.

"నువ్వెందుకొచ్చావే పిచ్చిదానా?" అన్నాడు నాగలింగడు.

ఓబులక్క అన్న వీపు మీద ఒక్కటి చరిచి, భోరుమంది.

వాళ్లు ఊరు చేరాక సంతానం లేని కింశుక రాజు ఆమెకే పట్టం కట్టాడు. ఓబులక్క ఏలినంతకాలం కింశుకంలో ఏ చేనూ నీరులేక ఎండలేదు.