అక్క నడక

బోధన్‌లో ఆ పొద్దున హన్మవ్వ ఇంట్లో పాలు నిండుకున్నాయి. చుట్టం వచ్చిన రోజే ఇలాంటివన్నీ నిండుకుంటాయి. వచ్చింది మామూలు చుట్టమా? తోడబుట్టిన తమ్ముడు, సినిమాల్లో డాన్స్ మాస్టర్ ఆత్మారాం. సాయంత్రం బడి వార్షికోత్సవానికి అతనే ముఖ్య అతిథి.

హన్మవ్వ గోడ దగ్గర నిలబడి పక్కింటావిడను పిలిచింది. "శారమ్మా, దుకాణం దిక్కు పోతే జర రెండు పాల ప్యాకెట్లు తేరాదూ."

ఆత్మారాంకు వింతగా అనిపించింది. కుంటికాలే అయినా తానే పాలకు పోయి, దారిలో నలుగురిని పలకరించి వస్తేగాని అక్కకు తెల్లవారినట్టుండదు. మంచం కింద ఆమె చెప్పులు కనిపించాయి. ఎడమది ఒక అంచునే అరిగిపోయింది. రెండింటి మీదా దుమ్ము పేరుకుంది.

"అక్కా, నువ్వు పోతలేవా పాలకు?"

"కాళ్లు నొస్తున్నయ్ తమ్మీ," అంది హన్మవ్వ పొయ్యి వైపు తిరిగి.

"కాళ్లు గాదు," అంటూ జడ వేసుకుంటున్న అఖిల బయటికొచ్చింది. హన్మవ్వ కూతురు, ఆ బడిలోనే డాన్స్ టీచర్. "నీ పాట వచ్చినప్పటి సంది అమ్మ గల్లీలకు పోతలేదు మామ. పోతే పిల్లలు ఎనుక చప్పట్లు గొట్టి గా పాట పాడుతున్నరు."

"అఖిలా, నోరు మూస్కో!"

"ఎందుకు మూస్కోవాలె? సాయంత్రం ప్రోగ్రాంకు పిల్లలకు గా పాటల స్టెప్పు నేర్పియ్యమని బడి పెద్దసారు చెప్పిండు. నేన్ నేర్పియ్యనన్న. మామ ముంగటనే చెప్తున్న, కొలువు పోతే పోనియ్."

ఆ స్టెప్పు సంగతి చెప్పాలి. నిజామాబాద్‌లో ఇరుకు గదిలో పిల్లలకు డాన్సు నేర్పిన ఆత్మారాం, హైదరాబాద్ పోయి పదిహేనేళ్లు హీరోల వెనక గుంపులో ఎగిరి మాస్టరయ్యాడు. పేరు మాత్రం మొన్నటి ఒక్క పాటతోనే వచ్చింది. అరగంటలో కొత్త స్టెప్పు కావాలని దర్శకుడు నెత్తిన కూర్చుంటే, అతని కాళ్లు వాటంతటవే ఒక నడక నడిచాయి. ఒక పొడుగడుగు, ఒక పొట్టడుగు, నడుము దగ్గర చిన్న ఊపు. అది అక్క నడకని ఆ క్షణమే తెలుసు. ఎవరూ గుర్తుపట్టకుండా కుంటును ఎడమ నుంచి కుడికి మార్చాడు. ఎక్కడిదీ స్టెప్పు అని టీవీవాళ్లు అడిగితే, "మా ఊర్లో ఓ తాగుబోతు నడక" అని నవ్వేశాడు. చూసినవాళ్లంతా నవ్వారు.

"అక్కా, అది నీ నడక గాదు. నేను కుడికాలు పెట్టిన," అన్నాడు. అతని గొంతు అతనికే అబద్ధంలా వినిపించింది.

అఖిల అతని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. గల్లీలో ఐదారుగురు పిల్లలు అదే స్టెప్పు వేస్తున్నారు. అందరూ ఎడమకాలే ఈడుస్తున్నారు.

"టీవీకి ఎదురుంగ నిలబడి నేర్సుకున్నరు మామ. నీ కుడి వాళ్లకు ఎడమ. గీ పాఠం నాకు చెప్పింది నువ్వే."

నిజమే. ఎదురుగా నిలబడితే అద్దమేనని ఎన్నేళ్లు, ఎంతమందికి చెప్పాడో. సొంత దొంగతనం దగ్గరకొచ్చేసరికి తన పాఠం తనకే గుర్తు రాలేదు.

హన్మవ్వ పొయ్యి ఆర్పి వచ్చి గడపలో కూర్చుంది. "పిల్లలు నవ్వితే నవ్వనియ్ తమ్మీ. కుంటిదాన్నంటే కుంటిదాన్నే, గది అబద్ధమా? గానీ నన్ను తాగుబోతును ఎందుకు జేసినవ్‌రా?"

తనకు ఎనిమిదేళ్లప్పుడు, ఫ్యాక్టరీకి పోతున్న చెరుకు బండికి వేలాడి గడ గుంజుతూ జారిపడింది ఆత్మారామే. వెనక బండి కింద పడకుండా అతన్ని తోసి, చక్రం కింద తన ఎడమకాలు విరగ్గొట్టుకుంది అక్క. ఆ కాలుతోనే వారం వారం బస్టాండ్ దాకా నడిచి, అతన్ని నిజామాబాద్ డాన్సు క్లాసుకు పంపింది. ఒక్కనాడూ ఎత్తిచూపలేదు. ఇప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అదే అతన్ని కోసేసింది.

అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నీ నడక అని చెప్తే గా చెరుకు బండి ముచ్చట గూడ చెప్పాలె అక్కా. నాకు సిగ్గయింది. గందుకే గట్ల అన్న." ఏడుపు ఆగలేదు. "సాయంత్రం స్టేజీ మీద అందరి ముంగట నిజం చెప్తా."

"స్టేజీ మీద ఎవలికి గావాలె?" అంది హన్మవ్వ. "నేను తిరిగేది గల్లీల."

ఆత్మారాం చెప్పులైనా వేసుకోకుండా బయటికి పోయాడు. మాస్టర్‌ను చూసి పిల్లలు ఇంకా హుషారుగా ఎగిరారు. చెయ్యెత్తి ఆపాడు. పాల ప్యాకెట్లతో వస్తున్న శారమ్మ కూడా ఆగిపోయింది.

"గిది తాగుబోతు నడక గాదు. టీవీల నేను అబద్ధం చెప్పిన. గిది మా హన్మక్క నడక. చిన్నప్పుడు నేను చెరుకు గుంజబోయి బండి కింద పడుతుంటే, నన్ను తోసేసి తన కాలు ఇరగ్గొట్టుకుంది. నేను డాన్స్ చేసే కాళ్లు మా అక్క ఇచ్చినయే."

పిల్లలు తలలు వంచుకున్నారు. వెనక చెప్పులు దులిపిన చప్పుడైంది. హన్మవ్వ గడప దిగింది.

"శారమ్మా, గా పాలు నువ్వే ఉంచుకో. నా పాలు నేను తెచ్చుకుంట."

పిల్లలు దారి ఇచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆత్మారాం ఆమె వెనక నడిచాడు. నాలుగడుగులకే పాదాలు పాత తాళంలో పడ్డాయి, పొడుగు, పొట్టి. గతుక్కుమని ఆగిపోయాడు. చూసినవాళ్లు మళ్లీ వెక్కిరింత అనుకుంటారు.

హన్మవ్వ వెనక్కి తిరగలేదు. "ఎందుకాగినవ్? చిన్నప్పుడు బస్టాండ్ దాకా నా ఎనుక గిట్లనే వస్తుంటివి. నాకు నవ్వొచ్చేది. నడువు."

కళ్లు తుడుచుకుంటూ నడిచాడు. ఈసారి ఎడమకాలితోనే.