గింజలు నావి

నర్సీపట్నం నుంచి ఆటోలో వస్తే, జీడితోట దాటగానే ముందు కనిపించేది మా పెరటి పనసచెట్టే. చూడ్డానికి ఏనుగంత ఉంటుంది, కాపు మాత్రం సున్నా.

కాయని చెట్టును బెదిరించడం మా ఇంటి అలవాటు. ఒకరు గొడ్డలెత్తి నరికేస్తానంటారు. ఇంకొకరు చెట్టు వెనక దాక్కుని, చెట్టు తరఫున బతిమాలుకుంటారు. పోయిన కార్తీకంలో గొడ్డలి మా అత్త అప్పయమ్మది, బతిమాలే వంతు నాది. నాకిలాంటివంటే నవ్వు. కానీ అత్త మాట కాదంటే ఆ పూట ఇల్లు కురుక్షేత్రమే. తీరా ఆ సమయానికి పొయ్యి మీద పాలు పొంగి, నేను వంటింట్లోనే ఉండిపోయాను.

"కాత్తావా, నరికీమన్నావా?" పెరట్లోంచి అత్త అరుపు.

"నరకొద్దు... కాత్తాను. తొనలు మీకు, గింజలు నాకు."

సన్నటి గొంతు. తడిచేతులతో పరిగెత్తాను. అత్త అప్పటికే గొడ్డలి దించి నవ్వుతోంది.

"గింజల మీద ఆశేటే రోజా నీకు? బాగా సెప్పేవు."

నేను కాదంటే నమ్మలేదు. చెట్టు వెనక ఎవరూ లేరు. పక్కింటి పిల్లలెవరో అనుకుని ఊరుకున్నాను.

ఈ వేసవిలో చెట్టు మొదలు నుంచీ కాయలే. తొనలు ఊరంతా పంచాం. గింజలు మాత్రం కుంపట్లో కాల్చుకుని, పులుసులో వేసుకుని మేమే తిన్నాం. అందరికన్నా ఎక్కువ తిన్నది మా ఆరేళ్ల శ్రీదుర్గ.

మృగశిర వాన పడిన సాయంత్రం కరెంటు పోయింది. పిల్లకు ఒళ్లు కాలిపోతోంది. దీపం పెట్టి మంచం పక్కన కూర్చున్నాను. గదంతా పనసపండు వాసన. ఇంట్లో ఒక్క పండూ లేదు...

శ్రీదుర్గ కళ్లు తెరవకుండానే అంది.

"నా గింజలియ్యి."

అది నా కూతురి గొంతు కాదు. కార్తీకంలో విన్న గొంతు.

"ఆ రోజు మాటాడింది... నువ్వు కాదేటే?" అత్త గుసగుసగా అడిగింది. కాదని తలూపాను.

మా ఆయన గోపీకృష్ణకు భయమేస్తే కోపమొస్తుంది. "పిల్ల జోలికొత్తాదా? దాన్ని మొదలంటా నరికేత్తాను!" అంటూ గొడ్డలి తీసుకుని వానలోకి వెళ్లాడు. నేను ఆపలేదు. చెట్టు పోతే పీడ పోతుందనే నాకూ అనిపించింది.

ఠక్.

మంచం మీద పిల్ల విల్లులా వంగింది.

"నరకొద్దు..."

ఠక్.

"అమ్మా... నరకొద్దని నాన్నకి సెప్పు..."

ఈసారి గొంతు నా శ్రీదుర్గదే.

ఎలా పరిగెత్తానో తెలియదు. వెళ్లి ఆయన చేతుల మీద పడ్డాను. "ఆపండి! దెబ్బ పిల్లకి తగుల్తోంది... ఆపండి!"

గొడ్డలి బురదలో పడింది. తర్వాత వాన చప్పుడొక్కటే.

తెల్లారేసరికి జ్వరం లేదు. పిల్ల చద్దన్నం అడిగి మరీ తింది. ఇంట్లో మిగిలిన గింజలన్నీ అత్త ఏరి, చెట్టు మొదట్లో పోసి దండం పెట్టింది. గండం గడిచిందని ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. స్నానం చేయిద్దామని గౌను విప్పాను.

నడుం మీద రెండు గాట్లు. నెత్తురు లేదు. తెల్లగా, జిగటగా పాలు కారుతున్నాయి. పనసపాలు నూనె రాస్తే వదులుతాయి కదా... కొబ్బరినూనె రాసి తుడుస్తూనే ఉన్నాను. నా వేళ్లకు అంటుకుంటున్నాయి తప్ప ఆగడం లేదు.

శ్రీదుర్గ నా మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఏడవకమ్మా," అంది చెవిలో. "వచ్చే ఏడు కాత్తాను."

గొంతు నా కూతురిదే.