అత్తకు పోసిన నోనీ రసం

"ఇంట్లో ఏమైనా ఇచ్చారా? కషాయం, రసం... ఏదైనా?"

డాక్టరు అడుగుతుంటే కనకలక్ష్మి చూపు దించుకుంది. మంచం మీద అత్త తాతమ్మ ఒళ్ళు కాలిపోతోంది. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి! ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. పైగా పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతోందట. మళ్ళీ పెరగకుండా ఉండాలంటే కారణం తెలియాలన్నాడు డాక్టరు.

"ఏటీ ఇవ్వనేదు బాబూ," అంది తాతమ్మ కళ్ళు తెరవకుండానే. "మీరు సెప్పిందే సేస్తాది మా కోడలు."

ఆ మాట అబద్ధమని కనకలక్ష్మికి తెలుసు. పడవలెక్కే వండూర్ జెట్టీ దగ్గర దుకాణంలో టూరిస్టులకు నోనీ పండ్ల రసం అమ్మేది ఆమే. యాంటీఆక్సిడెంట్లు పుష్కలమని సీసా మీద చదివి, అత్తకు రోజూ గ్లాసుడు పోసింది. జ్వరం తగిలితే ఆసుపత్రికి తేకుండా ఇంకో గ్లాసు పోసింది! మా వదిన చదువుకుంది, అమ్మకేం భయం లేదని ఆడపడుచు బేబీరాణి అందరికీ చెప్పుకునేది. ఆ బేబీరాణి ఎదుట, భర్త వాసుదేవ్ ఎదుట ఎలా చెప్పడం? ఛీ... అత్త ప్రాణం మీదికి వస్తే తాను ఇంకా పరువు చూసుకుంటోంది!

"నేనిచ్చాను డాక్టరు గారూ... నోనీ రసం. రోజూ. యాంటీఆక్సిడెంట్లుంటాయని."

"పళ్ళరసాలు మనా హై, తాగకూడదని సెప్పినారు గదా," అన్నాడు వాసుదేవ్ మెల్లగా. బేబీరాణి వదిన వైపు చూడకుండా తల్లి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. తిట్టినా బాగుండుననిపించింది కనకలక్ష్మికి.

డాక్టరు డయాలసిస్‌కు ఏర్పాటు చెయ్యమని నర్సుకు చెప్పి ఇటు తిరిగాడు. "ఇన్‌ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు పుట్టే కొన్ని పదార్థాలు మన ఒంటినే దెబ్బతీస్తాయమ్మా. దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. వాటిని అదుపు చేసే యాంటీఆక్సిడెంట్లు కిడ్నీ రోగుల్లో తగ్గిపోతాయి, నిజమే. కానీ రసం పోస్తే ఆ తూకం కుదరదు. అందులో ఉన్న పొటాషియాన్ని ఈ కిడ్నీలు బయటికి పంపలేవు."

జ్వరం దిగి తాతమ్మ కళ్ళు తెరిచిన సాయంత్రం, కనకలక్ష్మి మంచం పక్కన తల దించుకుని కూర్చుంది.

"నాకోసం అబద్ధమెందుకు ఆడినావత్తా?"

"అందరి ముందూ నీ మొకం సిన్నబోతాదని. ఆ రసం ఎంత కంపు కొట్టినా, నువ్వు పోసినావనే తాగినాను." తాతమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వెప్పుడైనా తాగినావేటే?"

కనకలక్ష్మి తల ఇంకా కిందికి వాలింది.

"నేదత్తా... కంపని."

తాతమ్మ నవ్వబోయి దగ్గింది. చెయ్యి చాచి కోడలి చెయ్యి పట్టుకుంది. కనకలక్ష్మి ఆ చేతిని వదల్లేదు, తలా ఎత్తలేదు.