కోల్డ్ స్టోరేజీలో ఐదు వారాలు

గుంటూరు బ్రాడీపేటలో, కోచింగ్ సెంటర్ పైన అద్దాల ఆఫీసు పెట్టిన హిమవిహార్ హాలిడేస్ వాళ్ళారా, ఈ మాటలు మీకే. మిరప రైతుకు ఏప్రిల్ నెలలో సెలవు అమ్మారు మీరు. కాయ కల్లంలో ఎండుతుంటే, మిర్చి యార్డు ముందు లారీలు బారులు తీరి ఉంటే, ఏ రైతు కొండెక్కి మంచు చూస్తాడు? మీకు తెలియక కాదు. తెలిసే అమ్మారు. ముప్పై మూడేళ్ళకు అమ్మారు. చేతిలో కుక్కరు పెట్టి, బాదం పాలు తాగించి, ఇంగ్లీషు కాగితం మీద వేలు పెట్టిన చోటల్లా సంతకం చేయించుకున్నారు.

మీవల్ల జరిగిన మంచి ఒక్కటే ఉంది. అదీ మీరు చేసింది కాదు. మీ మెట్ల మీద జరిగింది.

ఆ శనివారం ఆషాఢపు వాన సన్నగా పడుతోంది. బాలు ఆ మెట్లెక్కాడు. అతనిది అద్దంకిలో విత్తనాల కొట్టు. పత్తి గింజ మొలవకపోతే ఊళ్ళకు ఊళ్ళు వచ్చి తిట్టిపోయే కొట్టు. నాలుగు రోజుల క్రితం ఒక ఆడగొంతు ఫోన్ చేసి, మీ నంబరు లక్కీ డ్రాలో తగిలింది, డిన్నర్ సెట్టు గెలిచారు, నీటుగా తయారై రండి అంది. నీటుగా అంటే టై అనుకున్నాడు. అతనికి తెలిసి అద్దంకిలో టై ఉన్నది ఫొటో స్టూడియోలో. పాస్‌పోర్టు ఫొటోల కోసం ఊరందరి మెడకూ తగిలించే ఎలాస్టిక్ టై అది. దాన్నే బతిమాలి తెచ్చుకున్నాడు.

రిసెప్షన్లో ఉన్న నాగజ్యోతి, "మేడమ్ గారేరి సార్?" అని అడిగింది. పెళ్ళి కాలేదన్నాడు. అయితే కుదరదు, కపుల్స్‌కి మాత్రమే అంది. ఇది కంపెనీ రూలు. ఒక్కడే వస్తే "ఇంట్లో అడిగి చెబుతా" అని జారిపోతాడు. ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెడితే అడగడానికి ఇంట్లో ఎవరూ మిగలరు. దొంగలకు ఇంత తెలివి దేవుడెందుకిచ్చాడో.

అతను దిగుతుంటే శ్రీదివ్య ఎక్కుతోంది. కింద కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మేడం. టై చూసింది. ఆగింది. కంపెనీ మనిషే అనుకుంది.

"రైతుల్ని ముంచి బతకడానికి సిగ్గు లేదండీ?"

విత్తనాల కొట్టువాడికి ఆ ప్రశ్న కొత్త కాదు. "పత్తా, మిరపా?" అన్నాడు అలవాటుగా.

"ఏంటి?"

"మొలవని గింజ. బిల్లు తెచ్చారా?"

ఆమె గొడుగు ముడిచి అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. టై ఒక చెవి వైపు తిరిగిపోయి ఉంది. ఇలాంటివాడు ఎవరినీ మోసం చేయలేడని అర్థమైంది. మేనేజర్‌ని ఒక మాట అడగాలని నాలుగుసార్లు వచ్చానని, ప్రతిసారీ బయటినుంచే పంపేశారని చెప్పింది. ఇవాళ ప్రెజెంటేషనట, జంటలకే తలుపు తీస్తారట.

"మీకు పెళ్ళయిందా?" అని అడిగింది.

"లేదండి. అందుకే గెంటేశారు."

"నన్నూ అందుకే. రండి, ఒక్క గంట. చెయ్యి పట్టుకోవద్దు, పేరు పెట్టి పిలవొద్దు."

"మరేమని పిలవాలి?"

"పిలవకండి. పెళ్ళయినవాళ్ళు అలాగేగా ఉండేది."

నాగజ్యోతి గుర్తుపట్టింది. పట్టనట్టు ఊరుకుంది. ఆ నెల జంటల లెక్క ఆమెకూ తక్కువగానే ఉంది మరి.

లోపల ఏసీ, వాన కన్నా చల్లగా. గోడ నిండా మంచుకొండలు. మేనేజర్ నాగేంద్రబాబు బాదం పాలు ఇప్పించి, పెళ్ళయి ఎన్నాళ్ళని అడిగాడు. ఆరు నెలలని శ్రీదివ్య అంది. మొదటి ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలిగా, కలిసి వచ్చారేంటని అతను నవ్వాడు. ఆమె గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"రెండేళ్ళండి. ఆవిడకే ఆరు నెలల్లా గడిచింది," అన్నాడు బాలు.

శ్రీదివ్య మొదటిసారి అతని వైపు సరిగ్గా చూసింది.

తరవాత కథ మీకు తెలిసిందే, రోజూ మీరు చెప్పేదే. ఏడాదికో వారం, కొండమీద గది, ముప్పై మూడేళ్ళ బాండు, పిల్లలకు ఆస్తి. బాలు అమాయకుడే గానీ వ్యాపారి. ఫోన్ వచ్చాక పేపర్లో చూసి కత్తిరించుకున్న ప్రకటన ముక్క జేబులోంచి తీశాడు. మీ దగ్గర డైరెక్టుగా కొంటే లక్షా పాతిక, ఎవరో ఇదే బాండు ముప్పై వేలకు రీసేల్‌కి పెట్టారు, నేనెందుకు మీ దగ్గర కొనాలి అన్నాడు. నాగేంద్రబాబు ఆ ముక్కను చేత్తో కూడా ముట్టుకోలేదు.

"సార్ది విత్తనాల వ్యాపారం కదా. సీలు తీసిన ప్యాకెట్టు మీరు కొంటారా?"

కొననని బాలు అడ్డంగా తలూపాడు. అది అతని మతం. సంతకానికి పెన్ను కూడా అందుకున్నాడు.

అప్పుడు శ్రీదివ్య అడిగింది, నాలుగుసార్లు మెట్లెక్కి వచ్చిన ప్రశ్న. "రేపు మేం వద్దనుకుంటే మీరు ఎంతకు వెనక్కి తీసుకుంటారు?"

కంపెనీ వెనక్కి తీసుకోదని, బయట మార్కెట్లో అమ్ముకోవచ్చని అతను అన్నాడు.

"అంటే మీరమ్మితే సీలున్న ప్యాకెట్టు. మేం అమ్మితే విడి గింజ. మధ్యలో గింజకేమైందండీ? మేం ముట్టుకున్నామనా?"

పక్క సోఫాలో జంట లేచి నిలబడింది. ఆ వెనక ఇంకో జంట. బాలు పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. డిన్నర్ సెట్టు ఇవ్వలేదు. ఒక కీచైన్ ఇచ్చారు.

మెట్ల దగ్గర వాన పెద్దదైంది. ఇద్దరూ ఒకే చూరు కింద నిలబడ్డారు. ఆమె పుణ్యాన బతికిపోయానని, ఇక రీసేలే ఖాయమని బాలు ఆ పేపరు ముక్క చూపించాడు. శ్రీదివ్య చదివింది. "హాలిడే బాండు అమ్మబడును. ఐదు వారాలు నిల్వ ఉన్నవి. సరుకు భద్రం." కింద దర్శి నంబరు. వాళ్ళ నాన్నది.

ఇక్కడ ఆ నాన్న సంగతి చెప్పాలి. అంకమ్మరావు దర్శి దగ్గర మిరప రైతు. మనవైపు రైతుకు బాండంటే ఒకటే. రేటు లేనప్పుడు మిరప బస్తాలను, అదే టిక్కీలను, కోల్డ్ స్టోరేజీలో వేస్తాడు, బాండు రాయించుకుంటాడు, అద్దె కడతాడు, రేటు వచ్చినప్పుడు తీసి అమ్ముతాడు. ఐదేళ్ళ క్రితం మీ సోఫాలో భార్య పుల్లమ్మ పక్కన కూర్చుని అంకమ్మరావు అలాగే అర్థం చేసుకున్నాడు. వాడని వారం లోపలే ఉంటుంది. ఏటా మీ మెయింటెనెన్స్ నోటీసు వస్తే, అద్దె అనుకుని నవ్వుతూ కట్టాడు. ఐదు వారాలు పేరుకున్నాయి, రేటొచ్చింది, ఇక తీద్దాం అనుకున్నాడు.

ఆ వారాలు ఏనాడో ఆవిరైపోయాయి. వాడకపోతే అంతే. నోటీసు మాత్రం ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళు వస్తుంది. శ్రీదివ్య కాగితం అడుగున చీమ అక్షరాలు చదివి తెలుసుకుంది. నాన్నకు చెప్పలేకపోయింది. దర్శి బజారులో ఆయన అందరికీ చెప్పుకున్నాడు, మనకు కొండమీద సరుకుందని.

ఇప్పుడు కొనేవాడు పక్కన నిలబడి తడుస్తున్నాడు.

"అది మా నాన్న నంబరే," అంది. వారాలు లేవన్న సంగతి మాత్రం దాచింది.

తరవాత మూడు శనివారాలు బాలు గుంటూరు వచ్చాడు. విత్తనాల లోడు కోసమని ఇంట్లో చెప్పాడు. లోడు అద్దంకికి లారీలోనే వస్తుందని వాళ్ళమ్మ వెంకటరావమ్మకు తెలుసు. మూడోసారి ఆవిడే ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది. ఇడ్లీ బండి దగ్గర ఇద్దరూ నిలబడి తినేవాళ్ళు. కారప్పొడి ఎవరికి ఎక్కువ వేయాలో తగువు. ఆమె అతని లెక్కలు తప్పని వెక్కిరించేది. లెక్క తప్పితేనే గదా మళ్ళీ చెప్పించుకోవడానికి రావొచ్చని అతను అనేవాడు. వానకు గొడుగు ఒకటే ఉండేది. రెండోది అతని సంచిలో ఉందని ఇద్దరికీ తెలుసు.

ఈ బాండు ఎందుకంత పట్టుబట్టి కొంటున్నారని ఒకరోజు అడిగింది.

అమ్మ కోసమని చెప్పాడు. నాన్న పోయాక అమ్మ ఇరవై ఏళ్ళు కూలికి మిరపకాయల తొడిమలు తీసి కొట్టు పెట్టించింది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. అన్నం అతనే కలిపి పెట్టేవాడు. "ఎప్పుడూ ఏమీ అడగదండి. చేతులు మండని చోట ఒక్క వారం ఉండాలని ఒకసారి అంది."

శ్రీదివ్య ఇడ్లీ ప్లేటు బండి మీద పెట్టేసింది.

నాలుగో ఆదివారం బాలు అమ్మను తీసుకుని దర్శి వెళ్ళాడు, డబ్బు పట్టుకుని. అంకమ్మరావు బాండుకు నాలుగు మూలలా పసుపు రాసి పళ్ళెంలో పెట్టాడు. అద్దె ఒక్క ఏడాది కూడా ఆపలేదని, ఐదు వారాల సరుకు చెక్కుచెదరలేదని చెబుతున్నాడు. శ్రీదివ్య గుమ్మం పట్టుకుని నిలబడింది.

వెంకటరావమ్మ పళ్ళెం వైపు చూడలేదు. యార్డులో బతికిన మనిషి. యార్డులో గుప్పెడు కాయ తీసి చేత్తో విరిచి చూడందే ఎవడూ బేరమాడడు.

"అన్నయ్య గారూ, సరుకు చూశారా ఎప్పుడైనా?"

అంకమ్మరావు నోరు తెరిచాడు. ఏప్రిల్లో ఎలా వెళ్తామమ్మా, కాయ కల్లంలో ఉంటుందిగా అన్నాడు. అన్నాక ఆ మాట ఆయనకే వినబడింది.

బాలు డబ్బు తీశాడు. శ్రీదివ్య వచ్చి పళ్ళెంలోంచి బాండు లాగేసింది.

"కొనకండి. ఇందులో ఏమీ లేదు."

అంతా చెప్పింది. ఆవిరైన వారాలు, మిగిలిన నోటీసులు, చూరు కింద తాను దాచినది. నాన్న ముఖం చూడకుండా చెప్పింది. పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకమ్మరావు పసుపు అంటిన వేళ్ళు చూసుకున్నాడు. ఆరేళ్ళ పిల్లప్పుడే నిన్ను బడికి పంపి మంచి పని చేశానన్నాడు చివరికి.

బాలు ఆమెనే చూస్తున్నాడు. "మూడు శనివారాలు చెప్పలేదు. ఇవాళెందుకు చెప్పారు?"

"కొంటే ఏటా నోటీసు వచ్చినప్పుడు నన్ను తిట్టుకుంటారు."

"అయితే?"

"మీతో తిట్టించుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఏడాదికి ఒక్కసారే అంటే సరిపోదు."

బాలుకు ఈ లెక్క మాత్రం ఒక్కసారికే అర్థమైంది. వెంకటరావమ్మకు అంతకుముందే అర్థమైంది. బాండు సంగతి ఆ కంపెనీతో మీవాళ్ళూ మావాళ్ళూ కలిసి తేల్చుకుందాం అన్నయ్యా, ముందు అమ్మాయికి కూర్చోను పీట వేయండి, ఇందాకటినుంచి నిలబడే ఉంది అంది. పుల్లమ్మ పీట తెచ్చింది. ఒకటి కాదు, రెండు.

కాబట్టి నాగేంద్రబాబు గారూ, శ్రావణంలో పెళ్ళి. దానికి ముందు వచ్చే శనివారం మీ మెట్లెక్కుతున్నాం. దర్శి, అద్దంకి, చుట్టుపక్కల ఊళ్ళలో మీ కుక్కర్లు ఉన్న ఇళ్ళన్నీ తిరిగాం. ముప్పై రెండు జంటలం వస్తున్నాం, మీ రూలు ప్రకారమే. బాదం పాలు వద్దు. అంకమ్మరావు పేరు కొట్టేసి, ఇక నోటీసు రాదని రాసివ్వండి. ఐదేళ్ళు కట్టించుకున్న అద్దెకు బదులు ఒక వారం, తొలకరి పడకముందే జూన్ మొదట్లో, వెంకటరావమ్మ పేరు మీద ఇవ్వండి. ఇకమీదట సంతకం పెట్టించే కాగితంలో మొదటి పేజీ తెలుగులో ఉండాలి. వాడకపోతే వారం పోతుందని, కంపెనీ వెనక్కి తీసుకోదని, ఏటా కట్టాలని, శుభలేఖ మీద పెళ్ళికొడుకు పేరంత అక్షరాల్లో వేయండి. అప్పుడు అమ్ముకోండి, ఎవడు కొంటాడో చూద్దాం.

శుభలేఖ మీకూ పంపుతున్నాం. ఆ రాసిచ్చిన కాగితం చేత్తో పట్టుకుని రండి. మీ ఆవిణ్ణి వెంటబెట్టుకుని రండి. ఒంటరిగా వస్తే లోపలికి రానివ్వం.